గిలకయ్య కాయచూపులు

పెన్నేటి నడుమ ఒక ఇసుకదిబ్బ. ఏనాటి వరదకో ఎక్కడివో పుచ్చగింజలు కొట్టుకొచ్చి ఆ దిబ్బను పట్టుకున్నాయి. ఎవరూ దున్నలేదు, ఎవరూ నీళ్ళు పొయ్యలేదు. అయినా ఏటా ఎండలు ముదిరేసరికి దిబ్బ నిండా తీగలు, తీగల నిండా కాయలు. మనిషి వేసిన తోట కాదు గనక కావలి లేదు. కావలి లేదు గనక తగాదాలకు కొదవ లేదు. చివరికి ఎదురుగట్టులో బొరియలు తవ్వుకుని ఉంటున్న ఏదుపందులే తోట పెత్తనం తీసుకున్నాయి. ఒంటి నిండా జానెడేసి ముళ్ళున్న జాతితో వాదులాటకు దిగాలని ఎవరికి మాత్రం ఉంటుంది?

ఆ ఏదుపందులది ఒక వింత ఆచారం. పెళ్ళిచూపులకొచ్చిన పిల్లాడు పిల్లను చూడటం తర్వాత, ముందు కాయను చూడాలి. తోటంతా తిరిగి పండిన పుచ్చకాయ ఒక్కటి ఎంచి, దాని తొడిమ కొరకాలి. పెద్దలు దాన్ని అందరి ముందూ పగలగొడతారు. లోపల ఎర్రగా ఉంటే పిల్లనిస్తారు. తెల్లగా ఉంటే దారి చూపిస్తారు.

ఆ పొద్దు వచ్చిన పెళ్ళికొడుకు గిలకయ్య. దిగువ రేవు ఏదుపంది. మంచివాడు, పనిమంతుడు, ఎవరితోనూ మాట పడనివాడు. ఉన్నదల్లా ఒక్కటే లోపం. భయమేస్తే ముళ్ళు లేచి ఒకదానికొకటి కొట్టుకుని గలగలమంటాయి. ఆ పేరు కూడా అట్లా వచ్చిందే.

ఇప్పుడు దిబ్బ ఎక్కుతుంటేనే గలగల మొదలైంది.

"ఒరే గిలకా, కాస్త ఆపరా," అంది వెనకాల వస్తున్న వాళ్ళమ్మ ఈతమ్మ. "పెళ్ళికొడుకు వస్తున్నాడనుకోరు, ఎండిన కందికంప ఈడ్చుకొస్తున్నారనుకుంటారు."

"నేనేం చేసేదమ్మా? అవే ఊగుతున్నాయి."

"దేనికిరా అంత భయం?"

దేనికా? గిలకయ్య ఎట్లా చెబుతాడు! పదిరోజులుగా ఏట్లో చెలమ దగ్గర రేగమ్మను చూస్తున్నాడు. ఇసుక తవ్వితే ఊరే ఆ గుక్కెడు నీళ్ళకు ఇద్దరూ ఒకే వేళకు రావడం, "ముందు మీరు తాగండి" అంటే "కాదు, మీరే" అనుకోవడం, ఇంతలో కాకి వచ్చి తాగేసి పోవడం. అట్లా కుదిరిన చెలిమి అది. మొన్న రేగమ్మే అడిగింది, "కాయ చూడటం వచ్చా?" అని. ఆ క్షణాన ఏ దయ్యం పూనిందో, "ఓ! కళ్ళు మూసుకుని చెప్పేస్తా" అనేశాడు. నోరు జారితే తీసుకోలేం. ఎగువ కొండ సంబంధం వాళ్ళు ఎల్లుండి వస్తున్నారట. ఈరోజు తప్పితే రేగమ్మ కొండెక్కిపోతుంది.

ఈ సంబంధానికి మధ్యవర్తి మెత్తయ్య అనే నక్క. మాట మెత్తన, నడక మెత్తన, కడుపులో ఏముందో అడక్కండి. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు కదా, మెత్తయ్య అబద్ధాల వరకు ఎప్పుడో పూర్తి చేశాడు. వాళ్ళకంటే ముందే దిబ్బకు చేరి, తోట మధ్యలో గుబురుగా అల్లుకున్న తీగల మీద ఎత్తుగా కూర్చుని ఉన్నాడు.

"రా అల్లుడా, రా! లేచి ఎదురొచ్చేవాణ్ణే గానీ, నడుం పట్టేసింది. కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే ఉన్నాను."

పిల్ల తరఫున పెద్దదిక్కు పల్లేరమ్మ అవ్వ. ముళ్ళు నెరిసి తెల్లబడ్డాయి గానీ ఒక్కటీ వంగలేదు. ఆమె చుట్టూ చుట్టాలు గుంపుగా కూర్చున్నారు. అవ్వ వెనక తలొంచుకుని రేగమ్మ. తలొంచుకున్నదన్న మాటే గానీ కళ్ళు మాత్రం పైకే ఉన్నాయి.

"అబ్బయా, ఇట్లా నిలబడు," అంది అవ్వ. "కాయను కొట్టి చూస్తావో, వాసన చూస్తావో, చెవి పెట్టి వింటావో నీ ఇష్టం. పొర్లించకూడదు. తీగ నలిగితే దాని మీదున్న పిందెలన్నీ చస్తాయి. నీ నీడ నీ కాళ్ళ కిందికి వచ్చేలోగా తొడిమ కొరకాలి. ఒక్కసారే. ఒక్కటే."

ఈతమ్మకు ఉండబట్టలేదు. "అవ్వా, కుర్రాడు కాస్త బెదురుగొడ్డు. పొరపాటున తప్పితే రెండో కాయ..."

"ఎండాకాలం ఇస్తుందా తల్లీ రెండో కాయ?" అవ్వ గొంతు పెరగలేదు, తగ్గింది. "మామిడికాయైతే గడ్డిలో వేసి మాగబెట్టుకోవచ్చు. తెంపిన పుచ్చ మాగదు. చెలమలు ఎండిపోయాక ఈ దిబ్బ మీద నీళ్ళంటే ఈ కాయల్లో ఉన్నవే. మా రెండో అల్లుడు నీ కొడుకులాగే మంచివాడు. ఆ ఏడు ఆత్రంలో పచ్చివన్నీ కొరికేశాడు. పండాల్సినవి పండలేదు. మా పిల్ల ఒళ్ళో ఇద్దరు పసివాళ్ళు..."

అవ్వ ఆగిపోయింది. గిలకయ్య ముళ్ళు గలగలమన్నాయి.

"ఇంక వెళ్ళు," అంది అవ్వ.

గిలకయ్య తోటలోకి దిగాడు. నాన్న చెప్పిన మాటలు ఒకటొకటే గుర్తు చేసుకున్నాడు. కాయ పక్కనున్న నులితీగ ఎండాలి. తొడిమ మీది నూగు రాలి నున్నబడాలి. కొడితే పచ్చికాయ 'ఠంగ్'మంటుంది, పండినకాయ 'డబ్'మంటుంది. ఎంత తేలిక! వింటున్నప్పుడు అన్నీ తేలికే.

మొదటి కాయ మీద కాలితో కొట్టాడు. గలగల.

రెండోదాని మీద కొట్టాడు. గలగలగల.

కాయ ఏదో అంది. ఏమందో మాత్రం తెలియలేదు. దాని మాట వినబడేలోపే తన ముళ్ళు అడ్డు పడుతున్నాయి. ఊపిరి బిగబట్టి చూశాడు. ఊపిరాడక ఇంకాస్త భయమేసి ఇంకాస్త గట్టిగా మోగాయి. చెవిని కాయకు ఆనించి కొట్టాడు. ముళ్ళ మోత కాయలోకి వెళ్ళి రెట్టింపై తిరిగొచ్చింది.

పిల్ల బాబాయి ఒకాయన సకిలించాడు. "ఏందబ్బయా, కాయలు కొడుతున్నావా, చిడతలు కొడుతున్నావా?"

"భజన మొదలెట్టాడయ్యా, ఎవరన్నా తాళం అందుకోండి!" అన్నాడు ఇంకొకాయన.

మూడోది, ఏడోది, పదకొండోది. కొన్నిటికి నులితీగ పచ్చగా నిగనిగలాడుతోంది. అవి కావని కళ్ళే చెప్పాయి. కొన్ని సగం ఎండాయి. సగం ఎండితే సగం పండినట్టా? సగం పెళ్ళి చేస్తారా? గిలకయ్య నీడ వంక చూశాడు. పొద్దున బారెడున్నది ఇప్పుడు జానెడైంది. రేగమ్మ వంక చూడబోయి మానుకున్నాడు. 'కళ్ళు మూసుకుని చెప్పేస్తా' అన్నవాడు కళ్ళు తెరిచి ఏడ్చేలా ఉన్నాడు.

"అల్లుడా!" మెత్తయ్య మెల్లగా పిలిచాడు. "ఇట్లా రా."

గిలకయ్య గుబురు దగ్గరికి వెళ్ళాడు. మెత్తయ్య మూతి దగ్గరికి పెట్టి గుసగుసలాడాడు. "నీ అవస్థ చూడలేక చెబుతున్నా. ఆ తూర్పు మూలది చూడు, బానంత ఉంది. నులితీగ పెళుసుగా ఎండిపోయింది. కొరికెయ్. కొట్టి చూసే పని కూడా లేదు."

"నిజమేనా మామా?"

"ఒరే, నేను తినేది ఈ కాయలేగా! నాకు తెలియదా? తేనెరా అది, తేనె!" ఆ చివరి మాటకు మెత్తయ్య గొంతు కాస్త పెద్దదైంది.

మునిగేవాడికి గడ్డిపోచ దొరికినట్టయింది. గిలకయ్య తూర్పు మూలకు పరుగెత్తాడు. నిజమే. నులితీగ ముట్టుకుంటే రాలిపోయేటట్టుంది. కొట్టి చూశాడు. గలగల తప్ప ఏమీ వినబడలేదు. తొడిమ దగ్గర వంగి మూతి ఆనించాడు. మూతికి ఏదో మెత్తగా తగిలింది.

నూగు. తొడిమ నిండా సన్నటి నూగు.

నులితీగ పండిందంటోంది. తొడిమ పండలేదంటోంది. మెత్తయ్య తేనె అంటున్నాడు. నాన్న... నాన్న నూగు గురించి ఏమన్నాడు? రాలాలన్నాడా, ఉండాలన్నాడా? ఇందాక గుర్తున్నదే ఇప్పుడు తలకిందులైపోయింది.

"నీడ కాళ్ళ కిందికొస్తోందబ్బయా," అంది అవ్వ.

గిలకయ్య కళ్ళు గట్టిగా మూసుకుని తొడిమను పళ్ళ మధ్య పెట్టుకున్నాడు. కొరకాలి. కొరికితే అయిపోతుంది. ఏదో ఒకటి అయిపోతుంది. కానీ దవడ కదలడం లేదు.

అందరూ చూస్తున్నారు. వాడు అట్లాగే ఉన్నాడు.

మెత్తయ్యకు నవ్వు ఆగలేదు. "నోట్లో తొడిమ పెట్టుకుని ఆలోచించే పెళ్ళికొడుకును ఇప్పుడే చూస్తున్నానమ్మా! రేపు తాళి పట్టుకుని కూడా ఇట్లాగే ఆలోచిస్తే, పెళ్ళికూతురికి షష్టిపూర్తి అయిపోతుంది!" అని పగలబడి నవ్వుతూ, తాను కూర్చున్న ఎత్తు మీద అరచేత్తో ఒక్క చరుపు చరిచాడు.

డబ్.

గిలకయ్య కళ్ళు తెరిచాడు. ముళ్ళు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. భయం, ఆశ్చర్యం ఒకే ఒంట్లో ఇమడవు కాబోలు. ఒకటి రాగానే రెండోది తప్పుకుంది. పొద్దున్నుంచి మొదటిసారి దిబ్బ మీద నిశ్శబ్దం అంటే ఏమిటో తెలిసింది.

ఇందాక వినబడింది ఏంటి? కడుపు నిండినవాడి పొట్ట మీద కొట్టినట్టు, ఆ లోతు, ఆ బరువు... నిజంగా విన్నాడా, వినాలని ఉండి విన్నాడా? ఇసుకదిబ్బ మీద కొడితే చప్పుడు ఇసుకలోనే ఇంకిపోవాలి కదా! ఇంకోసారి వింటే గానీ తేలదు. పైగా, వెళ్ళి అడిగితే మెత్తయ్య చరుస్తాడా? చరవడు. నవ్వితే చరుస్తాడు.

గిలకయ్య తొడిమ వదిలి నిలబడ్డాడు.

"అవ్వా, కొరికే ముందు ఒక్క మాట చెప్పుకోనా? నా బెదురు ఇవాళ్టిది కాదు. నేను పుట్టగానే ఏడవలేదట. భయంతో గలగలమన్నానట. మంత్రసాని నన్ను బిడ్డనుకోలేదు. గిలక్కాయ అనుకుని పక్కబొరియలో ఏడుస్తున్న పిల్లవాడి చేతికి ఇచ్చి వచ్చిందట!"

"ఒరే, అవన్నీ ఇక్కడెందుకురా!" అని ఈతమ్మ నెత్తి కొట్టుకుంది.

చుట్టాలు గొల్లుమన్నారు. మెత్తయ్య అయితే వెనక్కి వాలిపోయాడు. "గిలక్కాయట! వాడి చేతికిచ్చిందట!"

డబ్. డబ్.

రెండు. ఒట్టి ఇసుక కాదు. గిలకయ్య గుండె కూడా అట్లాగే కొట్టుకుంటోంది. నీడ కాళ్ళ వేళ్ళను తాకింది. మూడోసారి వింటే ఇంక సందేహం ఉండదు.

"ఇంకోటి అవ్వా! నక్క తోక తొక్కొస్తే అదృష్టం అంటారు కదా. పొద్దున బయలుదేరేటప్పుడు ఎందుకైనా మంచిదని మా మామ తోక గట్టిగా తొక్కాను."

"తొక్కితే?"

"కరిచాడు."

ఈసారి పల్లేరమ్మ అవ్వ కూడా నవ్వేసింది. రేగమ్మ కాళ్ళతో మూతి మూసుకుంది. మెత్తయ్య రెండు చేతులూ ఎత్తి తన పీటను తప్పెట వాయించినట్టు వాయించాడు.

డబ్ డబ్ డబ్ డబ్!

చాలు. గిలకయ్య ఎవరి వంకా చూడకుండా గుబురు దగ్గరికి నడిచాడు.

"మామా, కాయ ఎంచుకున్నాను. కొరికే ముందు సంబంధం తెచ్చిన పెద్దవాడివి, నీ ఆశీర్వాదం కావాలి."

"సంతోషం అల్లుడా! నడుం నొప్పి, లేవలేను. కూర్చునే దీవిస్తాను. వంగు."

గిలకయ్య వంగాడు. ఏదుపంది పాదాలకు మొక్కడం మీరెప్పుడన్నా చూశారా? తల ఎంత కిందికి వంగితే ముళ్ళు అంత పైకి లేస్తాయి. పొద్దున్నుంచి వాటంతట అవే లేస్తున్న ముళ్ళను ఈసారి గిలకయ్యే లేపాడు. ఒక్క గలగల లేదు. సూటిగా, ఒద్దికగా, మర్యాదగా మెత్తయ్య తొడల్లోకి వెళ్ళాయి.

"దీర్ఘాయు... ఓయమ్మో! చచ్చాన్రో!"

నడుం పట్టేసిన నక్క నిలువెత్తు ఎగిరి నాలుగు బారల అవతల పడ్డాడు. వాడు లేచిన చోట, కప్పిన ఆకుల కింద నుంచి, బొద్దుగా నల్లపచ్చని పుచ్చకాయ తొంగిచూసింది. పక్కన నులితీగ మొదలంటా ఎండి ఉంది. తొడిమ గాజులా నున్నగా ఉంది.

గిలకయ్య తొడిమను చప్పున కొరికేశాడు. నీడ కాళ్ళ కిందికి చేరడానికి వెంట్రుకవాసి మిగిలి ఉంది.

"అది తోటలో కాయ కాదు! అది నా పీట!" మెత్తయ్య తొడలు నాక్కుంటూ అరిచాడు. "చెల్లదు! పీటను ఎంచుకోవడం ఏ ఆచారం?"

"ఏమయ్యా మెత్తయ్యా," అంది అవ్వ, "పీటకు కాళ్ళుంటాయి గానీ తీగ ఉంటుందా?"

"నేను... నేనేం దాన్ని దాచలేదు!"

"దాచావని ఎవరన్నారు? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడట. నిన్ను పుచ్చకాయల దొంగని కూడా అనలేదే, అప్పుడే తోక తడుముకుంటున్నావేం?"

అవ్వ కాయ దగ్గరికి వచ్చింది. అందరూ చుట్టూ మూగారు. గిలకయ్య ముళ్ళు మళ్ళీ మొదలెట్టాయి. విన్నాడు, నిజమే. నాలుగైదు సార్లు విన్నాడు. కానీ విన్నది వేరు, ఉన్నది వేరు అయితే? చెవి ఆశపడి అబద్ధం చెప్పి ఉంటే? రేగమ్మ వచ్చి ఒక మూరెడు దూరంలో నిలబడింది. ఆమె ముళ్ళు కూడా సన్నగా గలగలమనడం గిలకయ్యకు వినిపించింది. అమ్మయ్య, ఈ బెదురు తన ఒక్కడిదే కాదు!

అవ్వ పన్ను ఆనించింది. నొక్కలేదు, ఆనించింది అంతే. పండిన కాయకు అంతే చాలు. చిటచిటమని తనంతట తానే ఈ చివర నుంచి ఆ చివరకు పగులు పారి, కాయ రెండు చెక్కలై విడిపోయింది.

ఎరుపు. అంతా ఎరుపే. నల్లటి గింజలు, గింజల చుట్టూ నీళ్ళూరుతున్న ఎరుపు. రసం ఇసుక మీదికి జారి, ఇసుక దాన్ని తాగడానికి ఒక క్షణం పట్టింది.

అవ్వ చాలాసేపు ఆ చెక్కల వంకే చూసింది. తర్వాత ఒక ముక్క తీసి ముందుగా గిలకయ్య నోటికి అందించింది. "కాయ ఎట్లా తెలిసిందని అడగను. గలగలలోనూ విన్నావు. అది చాలు మా పిల్లకు."

"కళ్ళు మూసుకుని చెప్పేస్తానన్నారుగా," అని రేగమ్మ వాడికే వినబడేటట్టు అంది.

"మూసుకున్నాను. కాకపోతే సగంలో తెరిచాను."

ఇంక తూర్పు మూలది మిగిలింది. అవ్వ అటు నడిచి, ఎండిన నులితీగను ఎత్తి చూసింది. దాని మొదట్లో నక్క పంటిగాటు చక్కగా కనబడుతోంది. కొరికి నాలుగు రోజులై ఉంటుంది. ఎండక ఏం చేస్తుంది పాపం?

"ఒక్క కాయే తెంపాలన్నది పెళ్ళికొడుక్కు," అంది అవ్వ. "మధ్యవర్తికి కాదు. మెత్తయ్యా, ఇది తేనె అన్నావని విన్నానే?"

"అంటే... అప్పుడు ఆ మాట ఎందుకన్నానంటే..."

"తేనెను వదులుకుంటావా? మా ఆచారంలో చెప్పినవాడిదే కాయ. కానియ్."

పగలగొట్టారు. లోపల సొరకాయలా తెల్లగా ఉంది. పచ్చివాసన గుప్పుమంది. చుట్టాలంతా వరసగా కూర్చుని మెత్తయ్య వంక ఆప్యాయంగా చూస్తున్నారు. పారిపోదామంటే తొడలు సహకరించవు. కూర్చుని తిందామంటే అసలే సహకరించవు. నిలబడే నమలసాగాడు.

"ఎట్లా ఉందయ్యా?" అంది అవ్వ.

మెత్తయ్య మింగాడు. గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు కళ్ళు పెద్దవి చేశాడు. "తేనె... తేనెలాగే ఉందవ్వా."

"పాపం, ఆకలి మీదున్నట్టున్నాడు," అంది ఈతమ్మ అమాయకంగా. "ఒరే గిలకా, మామకు ఆ రెండో చెక్క కూడా అందించు నాయనా."

గిలకయ్య ఎంతో వినయంగా అందించాడు. వెనక నుంచి పిల్ల బాబాయి అడిగాడు, "ఏం మెత్తయ్యా, ఇప్పుడు నవ్వవేం?"

నీతి: ఎదుటివాడి బెదురు చూసి పగలబడి నవ్వేవాడు, తన గుట్టు తానే చాటింపు వేసుకుంటాడు.